డుమస్ దారిలో మరిగిన కారు

ఇంజన్ల పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఎక్కడైనా కలిస్తే నన్ను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: "మిమ్మల్ని బాగా ఏడిపించిన బండి ఏది సార్?" ఏ లారీ సంగతో, ఏ పెద్ద జనరేటర్ సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది ఇద్దరు మాత్రమే పట్టే ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు గురించి. అరగంటలో తేలవలసిన పని. నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇదంతా.

కేంద్ర ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపులో పనిచేస్తూ బదిలీ మీద కృష్ణా జిల్లా నుంచి సూరత్ వచ్చినవాణ్ణి నేను. రిటైరయ్యాక కూడా ఊరు వదలబుద్ధి కాలేదు. అడాజన్‌లో మా ఫ్లాట్‌కి దగ్గర్లోనే ఒక ప్రైవేటు గ్యారేజీ ఉండేది. పాత కార్లు బాగుచేయడంలో దానికి పేరు. అక్కడ ఫోర్‌మన్‌గా కుదిరాను. గ్యారేజీ యజమానిని అందరూ సేఠ్ అనేవాళ్ళం. గుజరాతీ మనిషి, మంచివాడే. కానీ చేతిలో పని తగ్గినప్పుడు ప్రతివాడి మీదా ఒక కన్నేసి ఉంచేవాడు. కరోనా వచ్చాక ఆ కన్ను మూతపడటం మానేసింది.

అక్కడ ఇంజన్ పని అంతా ఒక ఫిట్టర్ చేతి మీద నడిచేది. జగిత్యాల వైపు పల్లె నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, మగ్గం మోటార్లు విప్పుతూ విప్పుతూ కార్ల దాకా వచ్చిన మనిషి. నలభై దాటి ఉంటాయి. కాపురం మగ్గాల వాడ గోడాదరాలో. గ్యారేజీలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. మిగతా వాళ్ళకు అర్థం కాని భాషలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మామూలు రోజుల్లో ఎవరికీ పట్టదు. రోజులు బాగోనప్పుడు మాత్రం పడుతుంది.

మొదటి లాక్‌డౌన్‌లో ఫిట్టర్ పెళ్ళాం పిల్లలతో ఊరికి వెళ్ళిపోయాడు. ఆంక్షలు సడలించాక అందరికంటే ముందు తిరిగొచ్చాడు. వచ్చిన రోజున మా ఎలక్ట్రీషియన్ అతని పానాల మీద శానిటైజర్ కొట్టి, అవి ఆరేదాకా దూరంగా నిలబడ్డాడు. ఎవరు దగ్గినా మిగతావాళ్ళు చేతిలో పని ఆపి అటు చూసేవారు. మాస్కుల వల్ల కళ్ళు తప్ప మరేమీ కనిపించని కాలం అది. కళ్ళు మాత్రమే చూస్తుంటే ప్రతి మనిషీ ఏదో దాస్తున్నట్టే ఉంటాడు.

ఆ రోజుల్లో వచ్చింది ఎర్ర కారు.

కారు ఆసామి ఒకప్పుడు బట్టల మిల్లు నడిపిన పెద్దమనిషి. డెబ్బై దాటినవాడు. వాళ్ళన్న తెప్పించుకున్న కారట అది. అన్న పోయాక ఈయన దగ్గరికి వచ్చింది. అందులో ప్రతి మరా, ప్రతి గొట్టమూ అసలుదే ఉండాలని ఆయన పంతం. ఎప్పుడో కుర్రతనంలో వేరే ఊరి గ్యారేజీలో ఎవరో అసలు కార్బురేటర్ కొట్టేసి నకిలీది బిగించారని, అప్పటినుంచి ఏ మెకానిక్‌నీ నమ్మడనీ సేఠ్ ముందే చెప్పాడు. కరోనా భయంతో ఆయన బంగళా గేటు దాటేవాడు కాదు, ఎవరినీ దాటి రానిచ్చేవాడూ కాదు. ఒక్క ఆదివారం పొద్దున మాత్రం ఖాళీ రోడ్డు మీద కారు తీసుకుని డుమస్ సముద్రం వైపు వెళ్ళొచ్చేవాడు. గ్యారేజీకి కారు తెచ్చేది డ్రైవరే. భుజానికి గుడ్డసంచీ, ఎప్పుడూ నేల మీదే చూపు.

మొదటిసారి వచ్చింది మామూలు పనికే. వాటర్ పంపు కారుతోంది. ఫిట్టర్ దాన్ని విప్పి, బేరింగూ సీలూ మార్చి, తుప్పు గీకి రంగు వేసి బిగించాడు. పని చక్కగా ఉంది. నేనే చూసి పంపాను.

తర్వాతి ఆదివారం అయ్యాక సేఠ్‌కి ఫోను. డుమస్ దారిలో ఇంజన్ మరిగిపోయింది. ముందునుంచి ఆవిరి, వేడి చూపే ముల్లు ఎర్రగీత మీద.

డ్రైవర్ కారు తెచ్చాడు. మేం చెయ్యని పరీక్ష లేదు. ఫ్యాను బెల్టు చూశాం, గొట్టాలు పిండి చూశాం. గాస్కెట్ పోయి నీళ్ళు ఇంజన్‌లోకి దిగుతున్నాయేమోనని ఆయిల్ చూస్తే శుభ్రంగా ఉంది. వేడికి తెరుచుకోవలసిన థర్మోస్టాట్ తెరుచుకుంటోందో లేదో చూడటానికి గ్యారేజీలో టీ కాచే గిన్నెలోనే దాన్ని ఉడకబెట్టాడు ఫిట్టర్. చక్కగా తెరుచుకుంది. ఎలక్ట్రీషియన్ మాత్రం చాలా రోజులు మా దగ్గర టీ తాగలేదు. చివరికి రేడియేటర్‌లో గాలి ఎక్కించి ఒత్తిడి నిలుస్తోందా అని చూశాం. నిలిచింది. మూత కూడా పరీక్షించాం, దానిలోనూ వంక లేదు.

నేనే కారు తీసుకుని డుమస్ దాకా వెళ్ళొచ్చాను. ఎండలో, కావాలనే ఆపి ఆపి, తొక్కి తొక్కి నడిపాను. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. కారు పంపించేశాం. ఆదివారం మళ్ళీ మరిగింది.

మళ్ళీ తెచ్చారు. మళ్ళీ చూశాం. మళ్ళీ నా చేతిలో బుద్ధిగా నడిచింది. ఇంటికి వెళ్ళి మళ్ళీ మరిగింది. ఈసారి ఆసామి ఆవిరి కక్కుతున్న కారు వీడియో తీసి సేఠ్‌కి పంపాడు.

సేఠ్ నన్ను పక్కకి పిలిచాడు. ఆయనా ఆసామీ డ్రైవరూ మాట్లాడేది హిందీలోనో గుజరాతీలోనో. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"ఫోర్‌మన్ సాబ్, ఈ ముసలాయన నాటకం ఆడుతున్నాడా? బిల్లు ఎగ్గొట్టడానికి కావాలని నీళ్ళు తీసేసి నడుపుతున్నాడేమో."

"అంత ప్రేమగా చూసుకునే కారుని ఎవరైనా కావాలని మరిగిస్తారా సేఠ్?"

"అయితే ఆ డ్రైవర్. వాడు నీ కళ్ళలోకి ఎప్పుడైనా చూశాడా?"

చూడలేదు. నిజమే. కారు మా దగ్గర ఉన్నంతసేపూ డ్రైవర్ పక్కనే నిలబడేవాడు. నేను బానెట్ ఎత్తబోతే తనే ముందు వచ్చి ఎత్తేవాడు. యజమానికి తెలియకుండా కారుని ఎక్కడెక్కడో తిప్పుతున్నాడేమో అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను కూడా.

"కారు నువ్వు కూడా నడుపుతావా?"

"ఇక్కడికి తేవడానికే సాబ్."

"నీళ్ళు తగ్గితే ఎవరు పోస్తారు?"

"నేనే."

"ఎన్నిసార్లు పోస్తావు?"

"సాబ్ చెప్పినప్పుడు." అని సంచీ సర్దుకుని అవతలికి నడిచాడు. తప్పు చేసినవాడి నడకలా అనిపించింది నాకు.

అనుమానాలన్నీ ఇలా చెదిరి ఉండగానే ఆసామి ఫోను చేసి వాటన్నిటికీ ఒక చోటు చూపించాడు. పంపు బాగుచేయించాకే కదా ఈ గొడవ మొదలైంది, పంపు రంగు కూడా మారిపోయింది, అంటే అసలు పంపు తీసేసి నకిలీది పెట్టారు. అదీ ఆయన లెక్క. పోలీసుల దాకా వెళ్ళను, కానీ ఆ ఫిట్టర్ నా కారు ముట్టుకోకూడదు అన్నాడు.

ఆ మాట ఆ రోజే గ్యారేజీ అంతా పాకింది. రెండ్రోజుల తర్వాత సేఠ్ అందరి ముందే అడిగాడు. "నిన్ను పాత సామాన్ల బజారులో చూశామని చెబుతున్నారు. చేతిలో గుడ్డలో చుట్టిన బరువేదో ఉందట. ఏమిటది?"

ఆ చెప్పింది ఎలక్ట్రీషియనే. కావాలని చాడీ చెప్పాడనను. చూసింది చెప్పాడు. ఆ రోజుల్లో చూసిన ప్రతిదీ చెప్పేవాళ్ళం.

ఫిట్టర్ తన పెట్టె తెచ్చి సేఠ్ కాళ్ళ ముందు బోర్లించాడు. పానాలు, స్క్రూడ్రైవర్లు, గ్రీజు గుడ్డలు, వాళ్ళ పిల్లల స్కూలు ఫోటో ఒకటి నేల మీద పడ్డాయి. పంపు లేదు. ఉంటుందని ఎవరూ అనుకోలేదేమో కూడా. కానీ లేకపోవడం ఎవరినీ ఒప్పించలేదు.

కారు మళ్ళీ మా దగ్గరికే వచ్చి ఉంది. నేను దాని పంపు విప్పి, పోతపోసినప్పుడే పడిన కంపెనీ గుర్తు చూపిస్తూ ఆసామికి వీడియో కాల్ చేశాను. "ఇదిగో సాబ్, ఇది అసలుదే. రంగు మేం వేసిందే."

"గుర్తు కూడా పోసి అమ్ముతారు బజారులో," అని ఫోను పెట్టేశాడు.

"కొన్నాళ్ళు రావద్దు," అన్నాడు సేఠ్ ఫిట్టర్‌తో. "పేరు సంగతి. గ్యారేజీ పేరు పోతే అందరం పోతాం."

ఫిట్టర్ సామాను ఏరుకుంటుంటే నేనూ పక్కన కూర్చుని ఏరాను. మా భాషలో మెల్లగా అడిగాను. "బజారుకి ఎందుకు వెళ్ళావయ్యా?"

"ఎందుకంటే ఏంది సార్? నేను బిగించినంక ఎవడన్న గీ కారు పంపు మార్చి అమ్మిండా అని అడగనీకి పోయిన. చేతిల పట్కపోయింది మన స్క్రాపుల పాత పంపు, నమూనా చూపిద్దామని. దొంగ దొరుకుతే నా మీది మాట పోతది గదా అనుకున్న." ఒక పానా గుడ్డతో తుడిచి పెట్టెలో వేశాడు. "మీగ్గూడ డౌటున్నదా సార్?"

"లేదు," అన్నాను. చెప్పడం ఒక క్షణం ఆలస్యమైంది. అతను అది గమనించాడు. పెట్టె మోసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రెండో వేవ్ వచ్చి గ్యారేజీ దాదాపు మూతపడింది. ఎర్ర కారు బంగళాలో, ఫిట్టర్ గోడాదరాలో, నేను ఫ్లాట్‌లో. పని లేని చేతులతో కూర్చుని అదే ఆలోచన. నా చేతిలో మరగదు. ఆయన చేతిలో మరుగుతుంది. దారి ఒకటే, ఎండ ఒకటే, కారు ఒకటే. మరి తేడా ఎక్కడ? ఒకరోజు మా ఆవిడ విసుక్కుంది. "గ్యారేజీ దగ్గర చూసిందే కదా నీకు తెలిసేది. వాళ్ళింట్లో ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా?" మనుషుల గురించి అన్న మాట అది, వాళ్ళింటి సంగతులు మనకేం తెలుసు అన్న అర్థంలో. నాకు మాత్రం కారు గురించి వినిపించింది.

నిజమే. ఆ కారు మరిగిన రోజున నేను ఒక్కసారి కూడా చూడలేదు. డ్రైవర్ తెచ్చాక చూసిందే. బంగళాకి వచ్చి చూస్తానని అడిగితే ఆసామి కుదరదన్నాడు. అందుకని కేసులు తగ్గి ఆయన మళ్ళీ షికారు మొదలుపెట్టాడని తెలిశాక, ఒక ఆదివారం తెల్లవారగానే స్కూటర్ మీద డుమస్ వెళ్ళి కూర్చున్నాను. వెంట ఒక నీళ్ళ డబ్బా, ఒక మందపాటి గోనెగుడ్డ.

భజియాలు అనే పకోడీల బళ్ళు చాలావరకు టార్పాలిన్ కప్పుకుని ఉన్నాయి. ఒకాయన మాత్రం టీ పెట్టాడు. చాలాసేపటికి ఎర్ర కారు వచ్చింది. ఆసామి నడుపుతున్నాడు, పక్కన డ్రైవర్. మాస్కులున్నా ఇద్దరి కంగారూ దూరం నుంచే తెలిసింది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి. కారు రోడ్డు పక్కకి లాగి ఆపారు.

నేను లేచి వెళ్ళాను. ఆసామి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వా? నా వెనకాల వచ్చావా?"

"ముందే వచ్చాను సాబ్. మీకోసమే కూర్చున్నాను."

"చూశావుగా? నాటకమా ఇది? మీ సేఠ్ అలాగే అనుకుంటున్నాడని నాకు తెలుసు."

"చూశాను. చల్లారనివ్వండి. తర్వాత మాట్లాడదాం."

వేడి రేడియేటర్ మూత తీస్తే మొహం కాలిపోతుంది. పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. చల్లారేదాకా ముగ్గురం తలో మూలా నిలబడ్డాం. టీ ఆయన కాగితపు కప్పులు తెచ్చిచ్చాడు. మాస్కు ఎవరూ తీయలేదు. టీలు అలాగే చల్లారిపోయాయి. నేను గోనెగుడ్డ మడత పెట్టి కారు దగ్గరికి వెళ్తుంటే డ్రైవర్ గబగబా అడ్డం వచ్చాడు.

"నేను తీస్తాను సాబ్. మీరు జరగండి."

"ఎందుకు? నా పనేగా ఇది."

"అది బిగువుగా ఉంటుంది. మీకు రాదు."

ముప్పయ్యేళ్ళు రేడియేటర్ మూతలు తీసినవాడికి రాదట. అతన్ని పక్కకి జరిపి, గుడ్డ వేసి, నెమ్మదిగా తిప్పాను. మూత చేతిలోకి వచ్చింది. వచ్చీ రాగానే తెలిసింది. బరువుగా ఉంది. ఇత్తడిది, అంచులు అరిగి నున్నగా అయిపోయాయి. గ్యారేజీలో నేను పరీక్షించింది తేలికైన తెల్ల రేకు మూత.

తిరగేసి చూశాను. కింద ఉండే రబ్బరు వాషరు ఎండి చెక్కలా అయిపోయింది. స్ప్రింగు వేలితో నొక్కితే లోపలికి వెళ్ళింది, తిరిగి పైకి రాలేదు. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతలాంటిది. లోపల ఒత్తిడి నిలిపితేనే నీళ్ళు ఎక్కువ వేడికి కూడా మరగకుండా ఉంటాయి. ఒత్తిడి నిలవకపోతే మామూలు గిన్నెలో మరిగినట్టు మరిగి, పక్క గొట్టంలోంచి బయటికి పోతాయి. నీళ్ళు తగ్గితే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. అంతే జబ్బు. లాక్‌డౌన్‌లో కారు కదలకుండా ఉన్న నెలల్లోనే ఆ రబ్బరు ఎండిపోయి ఉంటుంది, పంపు పని సరిగ్గా అదే సమయానికి పడింది.

"సాబ్, మా దగ్గరికి వచ్చే కారుకి ఈ మూత ఉండదు. ఎక్కడిదిది?"

డ్రైవర్ నేల చూపు వదిలి మొదటిసారి నా మొహంలోకి చూశాడు. సంచీలో చెయ్యి పెట్టి రుమాలులో చుట్టిన తెల్ల మూత తీశాడు.

"గ్యారేజీ సందు తిరిగే ముందు ఆపి మార్చమనేవారు సాబ్. ఇంటికి పోయాక మళ్ళీ ఇది పెట్టమనేవారు. చెప్పొద్దన్నారు."

"అది మా అన్న చేతిలో అరిగిన మూత," అన్నాడు ఆసామి. "అసలుది. గ్యారేజీలో వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు."

"మరి పంపు వదిలారు కదా?"

"పంపు విప్పడం నాకు చేతకాదు. మూత చేత్తో వస్తుంది."

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. తెల్ల మూత బిగించి, నీళ్ళు పోసి, ఇంజన్ వేసి చూపించాను. ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే ఆగింది. చాలాసేపు అలాగే తిరగనిచ్చాను. ఆయన ఆ ముల్లు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"సరే, తెలిసిపోయింది కదా," అన్నాడు చివరికి. "ఇక వదిలేద్దాం."

"మా ఫిట్టర్ పని పోయింది సాబ్."

"నేను తీసెయ్యమనలేదు. నా కారు ముట్టుకోవద్దన్నాను, అంతే."

"దొంగ అన్నాక సేఠ్ ఇంకేం చేస్తాడు?"

ఆయన సముద్రం వైపు తిరిగాడు. "ఎక్కడుంటాడు అతను?" అన్నాడు.

సేఠ్‌కి ఫోనులో జరిగింది చెప్పి, ఆ సాయంత్రమే గోడాదరా వెళ్ళాను. ఇరుకు సందు, రెండు వైపులా మగ్గాల చప్పుడు. ఫిట్టర్ భార్య గుమ్మంలో కూర్చుని చీరకి రాళ్ళు అంటిస్తోంది. నన్ను చూసి లోపలికి కేకేసింది. అతను బనీను మీద బయటికి వచ్చాడు. మగ్గం కార్ఖానాలో మోటార్ల పని దొరికిందట. జరిగిందంతా చెప్పాను.

"మూతనా?" అన్నాడు అంతా విన్నాక. "గంత చిన్న దానికా సార్?"

"అవును. సేఠ్ రమ్మంటున్నాడు."

"దొంగ అన్నది అందరి ముంగట అన్నడు. రమ్మనుడు మీతోని చెప్పి పంపుతున్నడా?"

భార్య చీర మీంచి తల ఎత్తలేదు కానీ చెయ్యి ఆగింది. "సార్ ఏం జేస్తడు గని," అంది, "గాయిన్నే రమ్మను. గా కారాయినని. వచ్చి చెప్పుమను."

"వస్తడా గంత పెద్దమనిషి?" అన్నాడు ఫిట్టర్.

"రాకపోతే నువ్వు గూడ పోకు."

వస్తాడని నేను మాట ఇవ్వలేకపోయాను. ఆమె అన్నది సేఠ్‌కి చెప్పాను, ఆసామికి ఫోను చేసి చెప్పాను. ఆయన చూస్తానన్నాడు. ఫిట్టర్‌ని మాత్రం, ఒక్కసారి వచ్చి నిలబడు, ఆయన రాకపోతే నేనే నిన్ను బండి మీద దింపేస్తాను అని బతిమాలాను.

చెప్పిన రోజు పొద్దున ఎర్ర కారు గేటు ముందు ఆగింది. ఆసామి స్వయంగా నడుపుకొచ్చాడు. ఆ కాలంలో డుమస్ కాక ఆయన అడుగుపెట్టిన మొదటి చోటు మా గ్యారేజీయేమో. మాస్కు మీద మాస్కు. ఎలక్ట్రీషియన్, సేఠ్, పెయింటరు, అందరూ పనులాపి నిలబడ్డారు. ఫిట్టర్ ఇంటి బట్టల్లోనే, చేతులు కట్టుకుని ఒక మూల ఉన్నాడు.

"పంపు అసలుదే," అన్నాడు ఆసామి, అందరికీ వినిపించేలా. "నేను అన్న మాట తప్పు. ఈ మనిషి చేతిలో దోషం లేదు." బట్టీ పట్టి అప్పజెప్పినట్టుంది. అయినా అన్నాడు. సేఠ్ కూడా గొంతు సవరించుకుని, తొందరపడ్డాను అన్నాడు.

ఫిట్టర్ ముందుకొచ్చాడు. హిందీలో అడిగాడు, "అసలు మూత తెచ్చారా?"

ఆసామి జేబులోంచి తీశాడు. ఇవ్వలేదు, చూపించాడు.

"రబ్బరు కొత్తది కోసి వెయ్యాలి. స్ప్రింగు మార్చాలి. పైది మీ అన్నగారిదే ఉంటుంది, లోపల పని చేస్తుంది. రేపటిదాకా నా దగ్గర ఉండాలి."

అది అరగంట పని. నాకు తెలుసు. సేఠ్‌కి తెలుసు. సేఠ్ ఏదో అనబోయి నా వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు. ఆయనా ఊరుకున్నాడు.

ఆసామి మూతని గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. ఫిట్టర్ అరచెయ్యి చాపి ఉంచాడు, తొందరపెట్టలేదు. నా వైపు తల తిప్పకుండానే తెలుగులో అడిగాడు. "ఇడిసిపెట్టి పోతడంటరా సార్?"

నేను జవాబు చెప్పేలోపే మూత ఆ అరచేతిలో పడింది.

ఆయన కారు కూడా వదిలేసి, గేటు దాటి, వెనక రిక్షాలో వచ్చిన డ్రైవర్‌తో కలిసి నడిచి వెళ్ళాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. తిరగకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడుతున్నాడో సందు చివరి దాకా ఆయన మెడ చూస్తేనే తెలిసింది.